బిజినెస్ మైనర్ తీసుకుంటున్నారా? లెక్కలున్న పేపర్లు వదలకండి

శ్రీకాకుళం, ఆమదాలవలస, టెక్కలి కాలేజీల్లో మైనర్ (మేజర్ అనే ప్రధాన సబ్జెక్టుకి తోడుగా చదివే రెండో సబ్జెక్టు) ఎంచుకునే రోజులొస్తే బిజినెస్ అడ్మినిస్ట్రేషన్‌కి గిరాకీ ఎక్కువ. కెమిస్ట్రీ పిల్లలు, జువాలజీ పిల్లలు, బీఏ వాళ్లు కూడా అటే చూస్తారు. ల్యాబ్ ఉండదు, రికార్డు రాయనక్కర్లేదు, నాలుగు హెడ్డింగులు పెట్టి పేజీలు నింపితే పాసైపోవచ్చని లెక్క. ఆ లెక్కతో చేరితే డిగ్రీ అయ్యేసరికి మిగిలేవి నిర్వచనాలే. ఇదే మైనర్‌ని అకౌంటింగ్, కాస్టింగ్ (సరుకు తయారీ ఖర్చు లెక్కగట్టడం), స్టాటిస్టిక్స్ వైపు తిప్పుకుంటే మాత్రం మీ మేజర్‌కి నిజంగా తోడవుతుంది.

ముందు క్రెడిట్ల సంగతి. యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. అందులో మైనర్ వాటా మూడేళ్లకి 24, నాలుగేళ్లకి 32. థియరీలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌కి 15 గంటల క్లాసు. నాలుగు క్రెడిట్ల పేపర్‌కి 60 గంటలు, అలాంటివి ఆరు చదివితే 24. ఈ చట్రాన్ని రాష్ట్రాలు, యూనివర్సిటీలు తమ తీరుకి మార్చుకుంటాయి, బ్యాచ్ బ్యాచ్‌కీ మారుతుంది కూడా. అందుకే సీనియర్ మాట మీద వెళ్లకండి. మీరు చేరిన సంవత్సరానికి వర్తించే సిలబస్ కాగితం తీసి, మైనర్ పేపర్ల పేర్లు, ఏ సెమిస్టర్‌లో ఏది వస్తుందో ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. పక్కనే మేజర్ ల్యాబ్ గంటలు కూడా రాయండి. మైనర్ క్లాసు, మేజర్ ల్యాబ్ ఒకే గంటకి పడితే నష్టపోయేది ఎప్పుడూ మైనరే. ల్యాబ్ ఎవరూ మానరు కదా.

ఇంజినీరింగ్‌లో పద్ధతి వేరు. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నమూనాలో బీటెక్‌కి 160 క్రెడిట్లు, మైనర్ కావాలంటే వాటి పైన ఇంకో 18 నుంచి 20. అంటే విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ పరిధిలో చదివే వాళ్లకి మైనర్ అదనపు బరువు, డిగ్రీ కాలేజీ వాళ్లకి డిగ్రీలో భాగం. ఈ తేడా పేపర్ పోయినప్పుడు తెలుస్తుంది. బీటెక్‌లో మైనర్ పేపర్ తప్పితే సాధారణంగా మైనర్ మాత్రమే పోతుంది. డిగ్రీలో అయితే ఆ బ్యాక్‌లాగ్ తీరేదాకా డిగ్రీయే ఆగుతుంది.

ఇక పేపర్లు. మేనేజ్‌మెంట్ ప్రిన్సిపుల్స్, ఆర్గనైజేషనల్ బిహేవియర్, హెచ్‌ఆర్ ఈ మూడూ దాదాపు అన్నిచోట్లా ఉంటాయి. వాటి మీద పెద్దగా చెప్పేదేం లేదు, క్లాసుకి వెళ్లి నోట్సు రాసుకుంటే గట్టెక్కుతారు. అసలు చూడాల్సింది సిలబస్‌లో ఫైనాన్షియల్ అకౌంటింగ్, కాస్టింగ్ ఉన్నాయా లేవా అని. ఉంటే వాటిని వాయిదా వేయకండి, తర్వాత వచ్చే ఫైనాన్స్ మొత్తం వాటి మీదే నిలబడుతుంది. లేకపోతే కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్ ద్వారా తెచ్చుకోవచ్చు, ఆ దారి కింద రాశాం.

సైన్స్ పిల్లలు అకౌంటింగ్‌లో తడబడేది మొదటి వారంలోనే. ఖాతాలో డబ్బు పడితే ఫోన్‌కి క్రెడిట్ అయిందని మెసేజ్ వస్తుంది. డబ్బు రావడమంటే క్రెడిట్ అని అక్కడే బుర్రలో పడిపోతుంది. అది బ్యాంకు తన పుస్తకంలో రాసుకున్న మాట: మీ డబ్బు బ్యాంకు మీకు ఇవ్వాల్సిన బాకీ, కాబట్టి వాళ్లకది క్రెడిట్. మీ పుస్తకంలో అదే డబ్బుకి బ్యాంకు ఖాతా డెబిట్ అవుతుంది. ఎవరి పుస్తకం రాస్తున్నామో ముందు తేల్చుకుంటే సగం తప్పులు పోతాయి.

రెండో ఇబ్బంది ట్రయల్ బ్యాలెన్స్ (ఖాతాల డెబిట్ల మొత్తాన్ని క్రెడిట్ల మొత్తంతో సరిచూసే పట్టిక) కలవకపోవడం. తేడా 9తో నిశ్శేషంగా భాగమైతే ఎక్కడో అంకెలు తారుమారై ఉండొచ్చు, 540కి బదులు 450 పడినట్టు. లేదంటే తేడాని సగం చేసి ఆ మొత్తం ఎక్కడుందో వెతకండి, అది డెబిట్ వైపు పడాల్సింది క్రెడిట్ వైపు పడి ఉండొచ్చు. అన్నట్టు, కలిసినంత మాత్రాన పుస్తకం సరైనదని కాదు. కొత్త మోటారు కొన్న ఖర్చుని రిపేర్ల ఖాతాలో రాసినా ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా కలుస్తుంది. లాభం మాత్రం తప్పు చూపిస్తుంది.

కాస్టింగ్ ఎందుకు వదలొద్దంటామో చెప్పాలంటే పలాస జీడిపప్పు కంటే మంచి ఉదాహరణ లేదు. జీడి పిక్కల బస్తా 80 కిలోలు. ధరలు మాత్రం లెక్క కోసం మేం అనుకున్నవే, మార్కెట్ రేట్లు కావు. బస్తా 13,000 రూపాయలు, దాని మీద కూలి, వంటచెరకు, ప్యాకింగ్ 1,800. బస్తాకి 22 కిలోల పప్పు దిగింది, గుండూ బద్దా కలిపి సగటున కిలో 750కి అమ్మారు. రాబడి 16,500. ఖర్చు 14,800. బస్తాకి మిగిలేది 1,700, దీన్నే కాంట్రిబ్యూషన్ అంటారు. అద్దె, మేస్త్రీ జీతం, కరెంటు కనీస చార్జీలు అన్నీ కలిపి నెలకి స్థిర ఖర్చు 85,000 అనుకోండి. 85,000ని 1,700తో భాగిస్తే 50. నెలకి 50 బస్తాలు ఆడిస్తే లాభం లేదు, నష్టం లేదు, దీన్నే బ్రేక్ ఈవెన్ అంటారు.

ఇంతవరకూ ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఇప్పుడు పప్పు 22 కిలోలు కాకుండా 21 దిగిందనుకోండి. పిక్క సరిగా ఎండలేదు, లేదా నాసిరకం లోడు వచ్చింది. రాబడి 15,750కి పడిపోయింది, మిగులు 950. మళ్లీ భాగిస్తే 90 బస్తాలు ఆడించాలి. దిగుబడిలో ఒక్క కిలో తేడాకి పని దాదాపు రెట్టింపు! ఏ మేనేజరు అయినా ముందు దేన్ని గమనించాలో ఈ ఒక్క లెక్క చెబుతుంది. మార్కెటింగ్ పేపర్‌లో ఎన్ని పేజీలు రాసినా ఈ సంగతి తెలియదు.

ఇంకో మెలిక ఉంది. మన దగ్గర పిక్కలు ప్రధానంగా వేసవిలో వస్తాయి, ఆడించేది ఏడాది పొడవునా. నెలకి 50 చొప్పున 600 బస్తాలు సీజన్‌లోనే కొని పెట్టుకుంటే 78 లక్షలు ఇరుక్కుంటాయి. సరుకు నెలనెలా తరుగుతుంది కాబట్టి సగటున 39 లక్షలు అనుకుందాం. నూటికి ఏడాదికి 10 వడ్డీ అయితే 3.9 లక్షలు, నెలకి 32,500. దీన్ని స్థిర ఖర్చుకి కలిపితే 1,17,500, బ్రేక్ ఈవెన్ 70 బస్తాలకి ఎక్కుతుంది. 50 ఆడించి గట్టెక్కామనుకున్న యజమాని నిజానికి నష్టంలో ఉన్నాడు. వర్కింగ్ క్యాపిటల్ పాఠం అంటే ఇదే. పరీక్షలో దీని నిర్వచనం రెండు మార్కులకి అడుగుతారు, అది వేరే సంగతి.

బిజినెస్ లా, బిజినెస్ ఎన్విరాన్‌మెంట్ పేపర్లలో ప్రమాదం పాత నోట్సు. కాంట్రాక్ట్ చట్టం 1872ది, భాగస్వామ్య చట్టం 1932ది, అక్కడ పాత జిరాక్సు నోట్సైనా నడుస్తుంది. మిగతా చోట్ల నడవదు. 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ సంస్థకి పెట్టుబడి పరిమితి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు. చిన్న సంస్థకి 25, 100 కోట్లు. మధ్యతరహాకి 125, 500 కోట్లు. పాత నోట్సులో ఇంకా సూక్ష్మకి 1, 5 కోట్లనే ఉంటుంది. జీఎస్టీ శ్లాబులు కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి మారాయి, 5, 12, 18, 28 అని బట్టీ పట్టిన వాళ్లు సరిచూసుకోవాలి.

స్వయం దారికి వద్దాం. యూజీసీ 2021 నిబంధన ప్రకారం సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివే వెసులుబాటు కాలేజీలు ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అన్నమాట గుర్తుంచుకోండి. చేరే ముందే ఈ కోర్సు క్రెడిట్లు నా మైనర్‌లో కలుపుతారా అని డిపార్ట్‌మెంట్ నుంచి రాతపూర్వకంగా తీసుకోకపోతే సర్టిఫికెట్ ఉంటుంది, క్రెడిట్ ఉండదు. స్వయంలో ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల్లో అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. పాసవ్వాలంటే 25కి 10, 75కి 30 విడివిడిగా రావాలి. 12 వారాల కోర్సులో మంచి మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్లే లెక్కలోకి తీసుకుంటారు, కాబట్టి ఒకట్రెండు తప్పినా కొంపేం మునగదు. చాలామందికి తప్పేది అసైన్‌మెంట్లు కాదు, పరీక్ష రిజిస్ట్రేషన్. కోర్సులో చేరడం ఉచితం, పరీక్షకి విడిగా గడువులోపల ఫీజు కట్టాలి. చేరిపోయాం కదా అని ఊరుకుంటే ఆ సెమిస్టర్ శ్రమ పోయినట్టే.

ప్రాజెక్టు ఉంటే నెట్‌లో దొరికే పెద్ద కంపెనీ రిపోర్టు దించకండి. ఊళ్లో కిరాణా కొట్టు చాలు. కాకపోతే నెలకి ఎంత అమ్ముతారు బాబూ అని అడిగితే ఏ షావుకారూ చెప్పడు, ట్యాక్స్ భయం. వేరేలా అడగాలి: పంచదార బస్తా ఎన్నాళ్లకోసారి దింపుతారు, హోల్‌సేల్ వాళ్లు ఎన్ని రోజుల అరువు ఇస్తారు, ఖాతా వాళ్లు ఎన్నాళ్లకి కడతారు. కొట్లో సరుకు 4 లక్షలది, నెలకి కొనేది 2 లక్షలది అయితే సరుకు 60 రోజులు నిలుస్తున్నట్టు. అరువు 15 రోజులే అనుకుంటే మిగతా 45 రోజులు షావుకారు సొంత డబ్బు తిరుగుతోంది. నాలుగు కొట్లకి ఇలా తీసి పక్కపక్కన పెడితే పది పేజీల మంచి రిపోర్టు తయారవుతుంది. షావుకార్ల పేర్లు మాత్రం రాయకండి, మళ్లీ మాట్లాడరు.

ఎంబీఏ కోసమే ఈ మైనర్ తీసుకుంటున్నామనే వాళ్లకి ఒక మాట. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఏపీ ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. అడిగేది ఎనలిటికల్ ఎబిలిటీ, గణితం, కమ్యూనికేషన్. మేనేజ్‌మెంట్ సిద్ధాంతాల మీద విడిగా విభాగమేమీ లేదు. ఎంబీఏకి దాదాపు ఏ డిగ్రీ అయినా పనికొస్తుంది, మైనర్ ఉందని సీటు ముందుకి రాదు. మైనర్ పనికొచ్చేది సీటొచ్చాక, మొదటి సెమిస్టర్ అకౌంటింగ్ క్లాసులో. బీకామ్ కావాలని నోటిఫికేషన్‌లో రాసిన ఉద్యోగానికి కూడా ఇది సరిపోదు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో స్టోర్స్, కొనుగోళ్ల వైపు వెళ్లాలనుకునే కెమిస్ట్రీ పిల్లలకైతే మేలు. రెజ్యూమెలో మైనర్ అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా కాస్టింగ్, ఇన్వెంటరీ అని చదివిన పేపర్ల పేర్లు రాయండి.

ప్రతి సెమిస్టర్ మార్కుల మెమో రాగానే మైనర్ పేపర్ మైనర్ కింద పడిందా, క్రెడిట్లు ఆన్‌లైన్‌లో జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాలో ఆ క్రెడిట్లు ఎక్కాయా చూసుకోండి. ఎలక్టివ్ కింద పడిపోతే అదే సెమిస్టర్‌లో పరీక్షల విభాగానికి అర్జీ పెట్టాలి. ఆరో సెమిస్టర్‌లో అడిగితే పాత రికార్డులు తిరగేయడానికి ఎవరికీ తీరిక దొరకదు.