వద్దనలేకపోయిన మనిషి

ఆదివారం. పొద్దున్నుంచి ముసురు. నిన్న ఉతికిన బట్టలు ఇంకా వరండా తాడు మీదే ఉన్నాయి. భోజనాలయ్యాక నాన్న పడక్కుర్చీని టీవీ దగ్గరకు జరుపుకున్నారు. ఇద్దరం 'జెరమయా జాన్సన్' చూశాం. 1972 నాటి సినిమా. నేను చూడటం ఇది మూడోసారి, ఆయనకు మొదటిసారి. నాన్నకు ఇంగ్లీషు అంతగా అర్థం కాదు. అయినా ఇబ్బంది పడలేదు. అందులో మాటలకన్నా మంచు ఎక్కువ.

సైన్యం వదిలి కొండల్లో బతకడానికి వచ్చిన జాన్సన్‌కు మొదట్లో ఏ పనీ చేతకాదు. గడ్డకట్టే వాగులోకి దిగి చేపలు పట్టబోతాడు. గుర్రం మీద నుంచి క్రో అనే అమెరికా ఆదివాసీ తెగవాడొకడు చూస్తూనే ఉంటాడు. నిప్పుల మీద మన్ను కప్పి పడుకోవాలని ఒక ముసలి వేటగాడు నేర్పితే, మన్ను చాలక పక్క పొగలు కక్కుతుంది. రాబర్ట్ రెడ్‌ఫర్డ్ ఆ చేతకానితనాన్ని ఎంత శ్రద్ధగా నటించాడో! సినిమా తీసిన యూటా కొండల్లోనే ఆయన ఇల్లు కట్టుకున్నాడు, 2025 సెప్టెంబరులో అక్కడే కన్నుమూశాడు.

నాకు ప్రాణమైన భాగం ఇల్లు కట్టడం. భార్య స్వాన్‌ది వేరే తెగ, వేరే భాష. చేరదీసిన పిల్లవాడు నోరు విప్పడు. ముగ్గురూ దుంగలు నరికి, మోసి, పేర్చి గోడలు లేపుతారు. స్వాన్ మనసులో ఏముందో సినిమా ఇంకొంచెం చెప్పి ఉండవలసిందని ప్రతిసారీ అనిపిస్తుంది. ఆమెను అంత మౌనంగా ఉంచడం నాకు నచ్చదు.

ఆ తరువాత సైనికులు వస్తారు. మంచులో చిక్కుకున్న బండ్లవాళ్ల దగ్గరకు దారి చూపమంటారు. దగ్గరి దారి క్రో తెగవారి శ్మశానం గుండా పోతుంది. అది పవిత్రమైన చోటని జాన్సన్ చెబుతాడు, వాళ్లు వినరు, చివరికి అతనే ముందు నడుస్తాడు. ఒంటరిగా తిరిగి వస్తూ, అక్కడి ఎముకల మీద స్వాన్ పెట్టుకునేలాంటి నీలిరంగు నగ చూస్తాడు. అంతే, గుర్రాన్ని ఇంటివైపు ఉరికిస్తాడు. ఇంటికి చేరేసరికి ఇద్దరూ శవాలై ఉంటారు.

"ఆ దారి వద్దని అతనికి తెలుసు కదా," అన్నారు నాన్న.

"అక్కడ జనం ఆకలితో ఉన్నారు నాన్నా."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "హామీ సంతకం పెట్టిన రోజు నాకూ తెలుసు," అన్నారు. తాతయ్య కట్టిన పెంకుటిల్లు ఆ సంతకంతోనే పోయింది. దాని గురించి ఆయన నోటి నుంచి ఒక్క మాట రావడం ఇదే మొదలు. నేను ఏమీ అడగలేదు. లేచి టీ పెట్టి తెచ్చాను.

మిగతా సినిమా అంతా పగ. ఒకరి తరువాత ఒకరుగా క్రో యోధులు అతని మీదికి వస్తూనే ఉంటారు. చివర్లో, దూరాన గుర్రం మీద ఉన్న ఒక యోధుడు చెయ్యి పైకెత్తుతాడు. తుపాకీ అందుకోబోయిన జాన్సన్ కూడా చెయ్యి ఎత్తుతాడు. బొమ్మ అక్కడే నిలిచిపోతుంది.

"మొదట్లో వాగు దగ్గర చూసినవాడేనా ఇతను?" అని అడిగారు నాన్న.

రెండుసార్లు చూసినా నేను గమనించలేదు. మళ్లీ మొదటికి తిప్పి చూశాం. అతనే.