మావయ్య, ముగెన్, ఒక డేగ పుంజు

పోయిన సంక్రాంతికి ఊరెళ్తూ లాప్‌టాప్ పట్టుకెళ్లడం నాది తప్పో ఒప్పో తెలీదు గానీ, అప్పట్నుంచి మా మావయ్య రెండ్రోజులకోసారి ఫోన్ చేసి "ఏరా, పుంజు ఎంతవరకొచ్చింది?" అని అడుగుతున్నాడు. పక్కనున్నవాళ్లు నేను కోళ్లు పెంచుతున్నాననుకుంటారు. ఆ పుంజు గంప కింద లేదు, ముగెన్ అనే ఫైటింగ్ గేమ్ ఫోల్డర్లో ఉంది.

ముగెన్‌తో నా పరిచయం భీమవరంలో, నెట్ సెంటర్ల రోజుల్లో. నాకంటే నాలుగేళ్లు పెద్దవాడొకడు పెన్ డ్రైవ్‌లో ఏదో ఫోల్డర్ తెచ్చి సిస్టమ్‌లో వేశాడు. ఇన్‌స్టాల్ లేదు, సీడీ లేదు, డబుల్ క్లిక్ చేస్తే ఫైటింగ్ గేమ్ వచ్చేసింది. అందులో స్ట్రీట్ ఫైటర్ గేమ్‌లో ఉండే ర్యూ ఒకపక్క, ఇంకోపక్క కార్టూన్లో డోనట్లు తినే హోమర్ సింప్సన్. వీళ్లిద్దరూ ఒకే గేమ్‌లో ఎలా ఉన్నార్రా అంటే, వాడు నోట్‌ప్యాడ్‌లో సెలెక్ట్ డాట్ డెఫ్ అనే ఫైల్ తెరిచి చూపించాడు. ఒక్కో లైన్లో ఒక్కో పేరు. కింద ఇంకో పేరు టైప్ చేసి, ఆ పేరుతో ఉన్న ఫోల్డర్ని క్యారెక్టర్ల ఫోల్డర్లో పడేశాడు. మళ్లీ ఆన్ చేస్తే కొత్తవాడు వచ్చి నిలబడ్డాడు. నాకు గేమ్ ఆడడం మీదకంటే ఆ నోట్‌ప్యాడ్ మీద ఎక్కువ మోజు పుట్టింది, నిజం చెప్పాలంటే ఇప్పటికీ అంతే.

ఎలెక్‌బైట్ అనే చిన్న గుంపు 1999లో పాత డాస్ సిస్టమ్ మీద వదిలిన గేమ్ ఇంజిన్ ఇది. క్యారెక్టర్లు మీరే చేసుకోండి, మేం రింగు ఇస్తాం అన్నట్టు. వాళ్లు ఇచ్చిన మనిషి కుంగ్‌ఫూ మ్యాన్ ఒక్కడే. 2003కల్లా వాళ్లు మాయమైపోయారు, అయినా జనం ఆపలేదు, బయటకి లీకైన విండోస్ బీటాకి (ఇంకా పూర్తికాని కాపీకి) మరమ్మతులు చేసుకుని మరీ వాడారు. మళ్లీ 2009లో తిరిగొచ్చి 2011లో 1.0 వదిలారు. ఇప్పుడు నేను వాడేది ఐకెమెన్ గో అనే ఇంకో ఇంజిన్, పాత ముగెన్ క్యారెక్టర్లు చాలావరకు అందులో నడుస్తాయి, కోడ్ అందరికీ తెరిచే ఉంది, ఆన్‌లైన్‌లో ఇద్దరు ఆడుకోవచ్చు. పెద్ద కంపెనీలు ఇలాంటి కలయికలు చెయ్యలేదా అంటే చేశాయి, 1996లో ఎక్స్‌మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్ వచ్చింది, 2000లో క్యాప్‌కామ్, ఎస్‌ఎన్‌కే అనే రెండు గేమ్ కంపెనీల మనుషులు ఒకే గేమ్‌లో కొట్టుకున్నారు. కానీ అవి లాయర్లు కుదిర్చిన పెళ్లిళ్లు. ఇక్కడ ఎవర్నీ అడిగే పని లేదు (అడిగితే ఒప్పుకోరు కూడా, అందుకే వీటిని అమ్ముకోకూడదు).

సరే, సంక్రాంతి. కనుమ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని సాల్టీ బెట్ పెట్టాను. 2013 నుంచి నడుస్తున్న లైవ్ ఇది, రాత్రీపగలూ ముగెన్ క్యారెక్టర్లు కొట్టుకుంటూనే ఉంటాయి, ఆడించేది కంప్యూటరే రెండువైపులా, చూసేవాళ్లు ఉత్తుత్తి డబ్బులు కాస్తారు. మా మావయ్య పక్కన వాలి చూశాడు. ఈయన కుర్రప్పుడు బరుల చుట్టూ బాగా తిరిగిన మనిషి. ఇప్పుడు కాయడు, కోర్టులు వద్దన్నాయనో అత్తయ్య వద్దందనో నేనడగలేదు. కానీ ఏ పుంజుకి ఏది జతో చెప్పమని ఇప్పటికీ ఈయన్ని పిలుస్తారు. రెంటినీ చేత్తో ఎత్తి చూసి, కాళ్లు పట్టి చూసి, "ఊఁ కట్టండి" అనో "తియ్యండెహె" అనో అంటాడు, అంతే.

రెండు ఆటలు చూశాడు. మొదటిదాంట్లో ఎవరో గళ్ల చొక్కావాడు స్క్రీన్‌లో సగం ఉన్న రాక్షసుణ్ని రెండు సెకన్లలో పడగొట్టాడు.

"ఇది జత కాదురా."

"తెలుసు మావయ్యా, అదే సరదా."

"సరదా ఏంట్రా, బరువు చూడకుండా దింపేస్తే? ఎవడు చూస్తన్నాడు జత?"

ఎవడూ చూడడు మావయ్యా అని చెప్పబోయి ఆగాను. ఎందుకంటే సాల్టీ బెట్ వాళ్లు కూడా చివరికి చేసింది అదే, క్యారెక్టర్లని తరగతులుగా విడగొట్టి, మరీ నాసిరకాన్ని పీ అనీ, మరీ అన్యాయంగా ఉన్నవాటిని ఎక్స్ అనీ, ఒకే తరగతివాటిని ఎదురెదురు నిలబెట్టడం. మామూలు లెక్కలో ప్రతి క్యారెక్టర్ ఫైల్‌లో ప్రాణం 1000, దాడి 100, రక్షణ 100 అని ఉంటాయి. కానీ అవి ఎవడికి వాడు రాసుకునేవే. ఒకడు ప్రాణం లక్ష పెట్టుకుంటాడు, ఇంకొకడు తగిలితే చచ్చే దెబ్బ రాసుకుంటాడు. ఇంజిన్ వద్దనదు. ఈ మాటలు చెప్తే మావయ్య చాలాసేపు మీసం నిమురుకుని, "అయితే మన డేగని దింపు" అన్నాడు.

డేగ అంటే ఎర్ర ఈకల పుంజు, మా కొబ్బరితోటలో కట్టేసి ఉంది. ఫోన్‌లో దాని నడక, దూకుడు, రెక్కలు విదపడం అన్నీ వీడియో తీసి, ఒక్కో బొమ్మా విడదీసి, చిన్నవి చేసి, పైన మళ్లీ గీశాను. పాత పద్ధతి బొమ్మలో 256 రంగులే ఉంటాయి, అందులో మొదటిది పారదర్శకం. నేను తోకలో నలుపుకి పొరపాటున ఆ మొదటి గడి వాడేశాను. పుంజు నడుస్తుంటే తోకలోంచి వెనకాల పంట కాలువ కనిపించేది. ప్రతి బొమ్మకీ కాళ్ల దగ్గర ఒక ఇరుసు చుక్క పెట్టాలి, అది నాలుగు పిక్సెళ్లు అటూ ఇటూ అయితే పుంజు నడవదు, వరిచేలో బురద మీద జారినట్టు జారుతుంది. ఆ చుక్కలు సరిచెయ్యడానికే మూడు రాత్రులు పోయాయి, బయట రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు మోగుతూనే ఉన్నాయి.

మొదటి తన్ను రాసినప్పుడైతే కుంగ్‌ఫూ మ్యాన్ అలా తాకగానే చచ్చిపోయాడు. మా బావమరిది కొడుకు ఎగిరి గంతేశాడు. సంగతేంటంటే దెబ్బ ఎప్పుడు తగలాలో చెప్పే షరతు నేను సరిగ్గా పెట్టలేదు, సెకనుకి అరవైసార్లు తిరిగే గడియారంలో వీలైనప్పుడల్లా కొత్త దెబ్బ పుడుతోంది. మూడో బొమ్మ దగ్గర మాత్రమే అని మార్చాక మనిషయ్యింది, అదే, పుంజయ్యింది.

తర్వాతది బొమ్మల మీద గీసే పెట్టెల గొడవ. ఎర్ర పెట్టె కొట్టేచోటు, నీలం పెట్టె దెబ్బతినేచోటు. నేను బద్ధకించి పుంజు మొత్తానికి, తోకతో సహా, ఒకటే నీలం పెట్టె గీశాను. మావయ్య అది చూసి, "తోక మీద కొడితే పుంజుకేమవుద్దిరా? నాలుగీకలు రాలతాయి" అన్నాడు. నిజమే కదా. తోక తీసేశాను. అప్పుడు ఇంకో చిక్కు, పుంజు పొట్టిది కాబట్టి నిలబడి కొట్టే గుద్దులన్నీ దాని నెత్తి మీంచి పోతున్నాయి. వంగి తన్నేవాడికి తప్ప ఇది దొరకట్లేదు. జత తప్పిందని నాకే తెలిసింది. దాని ప్రాణం 600కి దించాను. మావయ్యకి చెప్తే, అదీ లెక్క అన్నాడు.

రంగులప్పుడు మాత్రం ఆయన పిల్లాడైపోయాడు. ఒక క్యారెక్టర్‌కి 12 రంగుల పట్టీలు పెట్టుకోవచ్చు. ఒక పట్టీ డేగ, ఒకటి నల్లటి కాకి, ఒకటి తెల్లటి సేతు, ఒకటి నెమలి. అన్నీ చూసి మెచ్చుకుంటాడనుకుంటే, "రంగు మారిస్తే పుంజు మారిపోద్దా? కుక్కుట శాస్త్రం చదివావా నువ్వు?" అని నిలదీశాడు. చదవలేదు, రంగుని బట్టి పుంజు గెలుపోటములు చెప్పే పుస్తకమట. కానీ ఏ పట్టీ ఎంచుకున్నారో చూసి నడత మార్చే మాట ఇంజిన్‌లో ఉంది. ఇప్పుడు కాకి పట్టీ ఎంచుకుంటే దెబ్బ కాస్త గట్టిగా పడుతుంది, ప్రాణం త్వరగా పోతుంది. నెమలి ఎక్కువ ఎగురుతుంది. ఇది ఫోన్‌లో గంటసేపు చెప్పించుకున్నాడు, అత్తయ్య వెనకాల నుంచి ఏదో అంటూనే ఉంది.

పోయినవారం ఫోన్లో అసలు ప్రశ్న వేశాడు. "పుంజు పారిపోతే ఎవరు గెలిచినట్టు?"

ముగెన్‌లో పారిపోవడం లేదు. ప్రాణం సున్నా అవ్వాలి, లేదా టైమ్ అయిపోవాలి. మీరు ఎటు పోయినా ఇంజిన్ మిమ్మల్ని ఎదుటివాడి వైపే తిప్పి నిలబెడుతుంది. వీపు చూపించనివ్వదు. బరిలోనేమో వెనక్కి తిరిగి పరిగెత్తిన పుంజు ఓడినట్టే, చావక్కర్లేదు, చాలా పందేలు అక్కడే తేలిపోతాయట. "మీవాళ్లకి ఆ దయ కూడా లేదా?" అన్నాడు, నాకు ఏం చెప్పాలో తోచలేదు.

అందుకని దానికోసం కొత్త స్థితి రాస్తున్నాను. ప్రాణం 100 లోపుకి పడితే, ఆ తిప్పి నిలబెట్టే అలవాటుని ఆపే జెండా (కోడ్‌లో రాసే ఫ్లాగ్) ఒకటుంది, అది వేసి, పుంజుని వెనక్కి తిప్పి, గోడ దాకా పరిగెత్తించి, అక్కడ రౌండ్ ఇచ్చేయించాలి. నిన్న రాత్రి నడిపి చూశాను. తిరిగింది, పరిగెత్తింది, గోడ దగ్గర ఆగింది, కుంగ్‌ఫూ మ్యాన్ వచ్చి వెనకనుంచి ఒక్కటి పీకాడు. వాడికి ఇంకా ఎవరూ చెప్పలేదు మరి.