ఉప్పు నీళ్లతో కడిగినా కారు మీద తెల్ల మచ్చలు రాకుండా

మా కుళాయి నీళ్లలో టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాలు ఎంతో చూపే మీటరు, ముంచితే 800 పైనే చూపిస్తుంది. గీజరు రాడ్డుకి గార కడుతుంది, షవర్ రంధ్రాలు పూడుకుపోతాయి, బకెట్ అంచున తెల్లటి పొర పేరుకుంటుంది. నా కారేమో ముదురు నీలం. ఈ రెండూ కలిస్తే బానెట్ ఎలా తయారవుతుందో ముదురు రంగు బండి ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అయినా నేను ఈ నీళ్లతోనే, ఇంట్లోనే, మచ్చ పడకుండా కడుక్కుంటాను. ఎలాగని అడిగేవాళ్లకి ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకచోట వివరంగా రాసిపెడితే మేలనిపించింది.

నీళ్లు పడ్డంత మాత్రాన మచ్చ రాదు. ఆ నీళ్లు బండి మీదే ఆరిపోతే వస్తుంది. నీరు ఆవిరైపోతుంది, అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కడికీ పోలేక అక్కడే మిగిలిపోతాయి. ఒక చిన్న లెక్క వేద్దాం. కడిగిన తర్వాత బండి ఒంటి మీద పావు లీటరు నీళ్లు మిగిలాయనుకోండి. టీడీఎస్ 800 అంటే లీటరుకి 800 మిల్లీగ్రాములు, కాబట్టి ఆ పావు లీటరులో ఉన్నది 200 మిల్లీగ్రాములు. చిటికెడు కూడా ఉండదు. కానీ అది వందల చుక్కలుగా చెదిరి, ప్రతి చుక్కా తన చోట ఒక ముద్ర వేసి పోతుంది. ఆ చుక్కలు ఆరేలోపు గుడ్డతో తీసేశామంటే ఉప్పు కూడా గుడ్డలోకే వచ్చేస్తుంది. షాంపూ ఏది, పైపు ఏది అన్న చర్చలన్నీ దీని తర్వాతే.

నమ్మకం కుదరకపోతే ఒక నల్లటి ప్లాస్టిక్ మూత తీసుకుని, దాని మీద ఒకే ఒక్క చుక్క కుళాయి నీరు వేసి ఎండలో పెట్టండి. పక్కనే కూర్చుని చూడండి. చుక్క అంచు మొదట ఎక్కడ ఆనుకుందో అక్కడే పట్టుకుని ఉంటుంది. వెడల్పు తగ్గదు, ఎత్తు మాత్రం తగ్గుతూ పోతుంది. అంచు దగ్గర నీరు తొందరగా ఆవిరవుతుంది కాబట్టి ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచు వైపుకి పారుతుంది, పారుతూ తనలో ఉన్నదాన్ని కూడా మోసుకెళ్తుంది. చివరికి మిగిలేది ఉంగరం లాంటి తెల్ల గీత. కాఫీ ఒలికిన చోట మరక అంచు ముదురుగా ఉండడానికి కారణం ఇలాంటి ప్రవాహమేనని షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 1997లో 'నేచర్' పత్రికలో వివరించారు. బానెట్ మీద మనం చూసే గుండ్రటి మచ్చల వెనక ఉన్నదీ ఈ కథే.

ఆ మచ్చని మళ్లీ నీళ్లు పోసి కడిగితే ఎందుకు పోదు? నీళ్లలో కాల్షియం చాలావరకు బైకార్బొనేట్ రూపంలో కరిగి ఉంటుంది. ఆరేటప్పుడు అందులోంచి కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి అది కాల్షియం కార్బొనేట్‌గా మారిపోతుంది. ఇది సున్నపురాయిలో ఉండే పదార్థమే, నీళ్లలో దాదాపు కరగదు. వచ్చేటప్పుడు కరిగి వచ్చింది, ఆరాక రాయైంది.

మీటరు గురించి ఒక మాట. టీడీఎస్, కఠినత్వం ఒకటి కావు. టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా కడుతుంది. కఠినత్వం అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం వాటా. అది కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకి 60 మిల్లీగ్రాముల లోపుంటే మెత్తటి నీళ్లని, 120 దాటితే కఠినమని, 180 దాటితే చాలా కఠినమని లెక్క. ఇంటికి సాఫ్ట్‌నర్ పెట్టించుకున్నవాళ్లు "సాఫ్ట్‌నర్ ఉన్నా మచ్చలు పడుతున్నాయి" అని అడుగుతుంటారు. పడతాయి. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసుకుని ఆ స్థానంలో సోడియాన్ని వదులుతుంది, టీడీఎస్ పెద్దగా మారదు. కాకపోతే సోడియం లవణాలు కరిగిపోయే రకం కాబట్టి ఆ మచ్చ తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. అదే పెద్ద లాభం. పటిక తిప్పితే సరిపోతుందని కొందరంటారు. పటిక మట్టిని అడుగుకి దించి నీళ్లని తేటపరుస్తుంది, కఠినత్వం మాత్రం అలాగే ఉంటుంది.

ఇక కడగడానికి వద్దాం. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ, నీడలో. బానెట్ మీద మునివేళ్ల వెనక వైపు ఆనించి చూస్తాను, వేడి తగిలితే ఆ పని అప్పుడు పెట్టుకోను. ఎండ సంగతి అందరికీ తెలుసు, గాలి సంగతి మర్చిపోతారు. నీడలో కూడా గాలి గట్టిగా వీస్తుంటే చుక్కలు చూస్తుండగానే ఆరిపోతాయి.

చక్రాలు ముందు కడిగేస్తాను. వాటికి పట్టే సమయం ఎక్కువ, చివరికి పెట్టుకుంటే మనం టైర్ల దగ్గర గొంతుకూర్చుని ఉన్నంతసేపూ పైన టాప్ ఆరిపోతూ ఉంటుంది. తర్వాత పైనుంచి కిందికి. బండి మొత్తానికీ ఒకేసారి నురగ పట్టించడం మంచి నీళ్లున్న చోట చెల్లుతుంది, మన దగ్గర చెల్లదు. ఎడమ వైపు రుద్దుతుంటే కుడి వైపు షాంపూతో సహా ఎండిపోతుంది. అందుకని టాప్, ఒక పక్క తలుపులు, బానెట్, డిక్కీ, ఇంకో పక్క, ఇలా ఒక్కో భాగం రుద్ది వెంటనే కడిగేస్తాను. కడిగిన భాగం ఆరేలా కనిపిస్తే మళ్లీ ఓసారి తడుపుతాను. చివరి తుడుపు వరకూ ఏదీ దానంతటది ఆరకూడదు.

ఒంటి సబ్బు, బట్టల సబ్బు వద్దు. సబ్బు కఠినమైన నీళ్లలో కాల్షియంతో కలిసి తెట్టెలా మారి పెయింటుకి అంటుకుంటుంది. కార్ షాంపూలు సబ్బు కాదు, డిటర్జెంట్ రకం, వాటికి ఈ బెడద చాలా తక్కువ. బకెట్లు రెండు పెట్టుకోండి, ఒకటి షాంపూకి, ఒకటి బండి రుద్దే గ్లోవ్ జాడించడానికి. ఇది మచ్చల కోసం కాదు, ఇసుక గీతలు పడకుండా.

నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఆఖరి కడుగు. పైపుకి స్ప్రే గన్ తీసేసి, ధార మెత్తగా ఉంచి, టాప్ మధ్యలో నుంచి నెమ్మదిగా పోయండి. గన్‌తో చిమ్మితే నీరు వేల చుక్కలుగా పగిలి నిలబడుతుంది. మెత్తటి ధార మాత్రం పలచటి పరదాలా జారుతూ, దారిలో ఉన్న చుక్కల్ని కూడా తనలో కలుపుకుని కిందికి లాక్కుపోతుంది. అద్దం మీద పోసి చూడండి, పరదా వెనక దాదాపు పొడిగా ఉన్న చోటు కనిపిస్తుంది. వ్యాక్స్ పట్టించిన బండి మీద ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. కానీ వ్యాక్స్ ఉంది కదా అని తుడవకుండా వదిలేస్తే అసలుకే మోసం. ముత్యాల్లా నిలబడే ఆ చుక్కలు చూడ్డానికి ఎంత బాగుంటాయో, ఆరితే అంత చిక్కటి మచ్చ వదులుతాయి.

దీనికి తోడు లవణాలు బాగా తక్కువున్న మెత్తటి నీళ్లు కొన్ని లీటర్లు దొరికితే పని సగం తేలికవుతుంది. బండంతా ఆ నీళ్లతో కడగాల్సిన పన్లేదు, చివర్లో మీద మిగిలిన ఉప్పు నీటిని తోసేయడానికి చాలు. చేత్తో పంపు కొట్టే స్ప్రేయర్‌లో పోసుకుంటే పొదుపుగా వస్తాయి. పురుగుల మందు కొట్టిన స్ప్రేయర్ వాడకండి, దీనికి విడిగా ఒకటి ఉండాలి. వాననీరు పట్టి పెట్టుకుంటే మంచిదే. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు గాలిలోని తేమ చల్లబడి దిగినవి, వాటిలో ఖనిజాలు చాలా తక్కువ. గుడ్డలో వడకట్టి నేను వాడేది ఎక్కువగా అవే. ఆర్‌ఓ నీళ్లు వాడాలనుకుంటే ఓసారి మీటరు పెట్టి చూడండి. కొన్ని మెషిన్లలో రుచి కోసం మామూలు నీళ్లని కాస్త కలిపే ఏర్పాటు ఉంటుంది.

ఇక్కడే ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఆర్‌ఓ మెషిన్ బయటికి వదిలేసే నీళ్లని వృథా చేయకూడదని దాచి కారు కడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. ఉద్దేశం చాలా మంచిది. కానీ మంచి నీళ్లలోంచి తీసిన ఉప్పంతా ఆ నీళ్లలోకే చేరుతుంది. వచ్చిన నీళ్లలో సగం తాగడానికి, సగం బయటికి పోతుంటే, బయటికి పోయేవాటిలో ఉప్పు దాదాపు రెట్టింపు. వాటితో నేల కడగండి, టైర్లకి పోయండి, మొదట్లో మట్టి నానబెట్టండి. ఆఖరి కడుగుకి మాత్రం దయచేసి వద్దు.

తుడవడానికి పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలు. రెండు మూలలు పట్టుకుని బానెట్ మీద పరిచి మెల్లగా మీ వైపుకి లాగితే చాలు, అదిమి రుద్దక్కర్లేదు. టాప్, బానెట్ ముందు, ఎందుకంటే నీరు నిలిచేది చదునుగా ఉన్న చోట. తర్వాత అద్దాలు. అన్నీ అయిపోయాయని తువ్వాలు మడిచాకే సైడ్ మిర్రర్ లోంచి, హ్యాండిల్ కింద నుంచి, టెయిల్ ల్యాంప్ సందులోంచి, నంబర్ ప్లేట్ వెనక నుంచి ఒక్కో ధార జారుతుంది. బ్లోయర్ ఉంటే ఊదేయండి. లేదా తలుపులు, డిక్కీ ఒకసారి తెరిచి గట్టిగా వేసి, అంచులు తుడిచి, కాసేపాగి చిన్న గుడ్డతో ఇంకో చుట్టు తిరగండి. ఆ రెండో చుట్టు ఎగ్గొట్టడం వల్లే చాలా బళ్లకి మిర్రర్ కింద తెల్ల చారలుంటాయి.

ఈమధ్య మా అన్నయ్య "నాది తెల్ల బండి కదరా, నాకీ గొడవ లేదు" అన్నాడు. నీళ్లు పోసి, తుడిచి, వేళ్లతో తడిమి చూడమన్నాను. బానెట్ అంతా సన్నటి ఇసుక కాగితంలా తగిలింది. తెల్ల రంగు మీద కనిపించదు, అంతే. పెయింటులోకి దిగే పని ఆ మచ్చ చేస్తూనే ఉంటుంది.

అలా ఇప్పటికే పట్టేసిన మచ్చలకి మామూలు తెల్ల వెనిగర్ సరిపోతుంది. సగానికి సగం మెత్తటి నీళ్లు కలిపి, చల్లగా ఉన్న పెయింటు మీద తడిగుడ్డతో అద్ది, ఒకట్రెండు నిమిషాలు ఆరకుండా చూసి, బాగా కడిగేయాలి. ఆమ్లం తగలగానే కార్బొనేట్ కరిగిపోతుంది. ముందు కింద మూలన ఒకచోట చూసుకోండి. అక్కడ వ్యాక్స్ కూడా పోతుంది కాబట్టి మళ్లీ పట్టించాలి. గిన్నెలు తోమే పీచు, పొడి బండి దగ్గరికి రానివ్వకండి. వెనిగర్‌కి పోకుండా, వేలికి తగలకుండా, వెలుతురులో ఏటవాలుగా చూస్తే చిన్న గుంటలా ఉంగరం కనిపిస్తే అది క్లియర్ కోట్, అంటే రంగు మీద ఉండే పారదర్శకమైన పొర, లోకి దిగిపోయిన మచ్చ. దానికి పాలిష్ ఒక్కటే దారి, పాలిష్ అంటే ఆ పొరని కొంచెం అరగదీయడమే. క్లియర్ కోట్ మందం మామూలుగా 40, 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, కాబట్టి చేయి తిరిగినవాళ్ల చేతే చేయించండి. అద్దాల మీద మొండిగా మిగిలేవి చాలాసార్లు సిలికా మరకలు, వాటి మీద వెనిగర్ పనిచేయదు, సీరియం ఆక్సైడ్ ఉన్న గ్లాస్ పాలిష్ అడగండి.