పాత వీ8కి కొత్త క్యామ్, పాత పుష్ రాడ్లు

ట్రక్కు వాల్వ్ కవర్ విప్పి ఇంజన్‌ను చేత్తో తిప్పుతుంటే ఎనిమిదో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ మిగతావాటిలో సగం కూడా లేవలేదు. వాల్వులను తెరిపించే ఇరుసు, అంటే క్యామ్ షాఫ్ట్, బయటికి లాగితే ఆ వాల్వ్‌ను లేపే ఉబ్బు, అంటే లోబ్, కొన అరిగి గుండ్రంగా తేలింది, దాని మీద ఆనే ట్యాపెట్ అడుగున గుంట పడింది. బండిలో ఉన్నది షెవర్లే 350, అంటే 5.7 లీటర్ల వీ8, ఫ్లాట్ ట్యాపెట్ రకం, అంటే ట్యాపెట్ కింద రోలర్ ఉండదు.

కొత్త క్యామ్ ఎంచుకోవడానికే ఎక్కువ రోజులు పట్టింది. మనసు పెద్ద లిఫ్ట్ (వాల్వ్ లేచే ఎత్తు) మీదికే పోయింది. కానీ ఈ బండి బరువు లాగాలి, రోజంతా 3000 ఆర్‌పీఎం లోపే తిరుగుతుంది. వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ పై వేగంలో శక్తినిచ్చి కింది లాగుడు తగ్గిస్తుంది. అందుకే తక్కువ డ్యూరేషన్‌ది తీసుకున్నాను. లోబ్ ఎత్తును 1.6 రెట్లు చేసి వాల్వ్‌ను తెరిచే మీటలు, అంటే 1.6 రాకర్లూ వద్దనుకున్నాను. 1.5 రాకర్‌తో 0.420 అంగుళాలు లేచే వాల్వ్ 1.6తో 0.448 లేస్తుంది. స్ప్రింగ్ చుట్టలు ఒకదానికొకటి ఆనుకుంటాయా, స్ప్రింగ్ పైనుండే రిటైనర్ వాల్వ్ కాడ చుట్టూ ఉన్న గైడ్ సీల్‌కు తగులుతుందా అని మళ్లీ అన్నీ చూడాలి. నా పనికి అది అవసరం లేదు.

ట్యాపెట్లు మాత్రం 16కి 16 కొత్తవే. లోబ్ కొద్దిగా ఏటవాలుగా, ట్యాపెట్ అడుగు కాస్త ఉబ్బుగా ఉంటాయి. ఆ రెంటి వల్లే ట్యాపెట్ తన చుట్టూ తాను తిరుగుతూ అరగకుండా నిలుస్తుంది. పాత లోబ్‌కు అలవాటుపడిన ట్యాపెట్‌ను కొత్త క్యామ్ మీద పెడితే రెండూ పోతాయి. స్ప్రింగులు క్యామ్ తయారీదారు చెప్పినవే వేసి, ఒక్కోదాని ఎత్తు కొలిచి షిమ్ములతో (పలుచని వాషర్లతో) సరిచేశాను.

ట్యాపెట్ కదలికను రాకర్‌కు అందించే పుష్ రాడ్ల దగ్గరే పొరపడ్డాను. వంకర లేవు కదా అని పాతవే బిగించబోయాను. హెడ్లకూ బ్లాకుకూ ఫేసింగ్ (తలాన్ని సమంగా చెక్కడం) చేయించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పైభాగం కిందికి దిగితే పాత రాడ్ పొడవైపోతుంది. లోపలి నూనె మీద ఆడే హైడ్రాలిక్ ట్యాపెట్ గట్టి స్ప్రింగ్ కింద నొక్కుకుపోయి కొలత తప్పుతుంది కాబట్టి, పరీక్ష కోసం మెత్తటి స్ప్రింగ్ వేసి, వాల్వ్ కొన మీద మార్కర్ పూసి, ఇంజన్‌ను రెండు చుట్లు తిప్పాను. రాకర్ గీసిన గీత నడిమిన లేదు, ఎగ్జాస్ట్ వైపు అంచుకు జరిగింది. పొడవు మార్చుకోగలిగే పుష్ రాడ్‌తో తగ్గిస్తూ పోయాను. గీత సన్నబడి నడిమికొచ్చిన పొడవునే ఆర్డర్ చేశాను. అప్పటిదాకా ఇంజన్ గుడ్డ కప్పుకుని కూర్చుంది. ఆ ఆలస్యానికి నాకు ఏ విచారమూ లేదు.

లోబులకు రాపిడి తగ్గించే పేస్టు రాసి, అరుగుదల తగ్గించే జింక్ ఎక్కువున్న ఆయిల్ పోసి, స్టార్టర్‌తో ఎక్కువసేపు తిప్పనక్కర్లేకుండా ఇగ్నిషన్ టైమింగూ పెట్రోలూ ముందే సరిచూసుకున్నాను. ఐడిల్‌లో ఉంచకుండా 2000–2500 ఆర్‌పీఎం మధ్య 20 నిమిషాలు నడిపాను. క్యామ్‌కు నూనె ఎక్కువగా కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్ చిందించినదే అందుతుంది, వేగం తగ్గితే అదీ తగ్గుతుంది మరి.

ఆయిల్ దింపి ఫిల్టర్ కోసి చూస్తే లోహపు పొడి లేదు. కవర్ మళ్లీ విప్పి, వాల్వ్ ఎంత లేస్తుందో కొలిచే డయల్ గేజ్ పెట్టాను. ఎనిమిదో ఎగ్జాస్ట్ వాల్వ్ మిగతా ఎగ్జాస్ట్ వాల్వులతో సమానంగా లేచింది.