గ్లేడ్స్‌విల్ బ్రిడ్జి కింద, ఆ తర్వాత పైన

సిడ్నీలో సర్క్యులర్ కీ దగ్గర పారమట్టా ఫెర్రీ ఎక్కితే మొదట్లో సీట్లన్నీ ఖాళీ, రెయిలింగ్ దగ్గర మాత్రం నిలబడే చోటుండదు. ఆపెరా హౌస్, హార్బర్ బ్రిడ్జి వెనకబడగానే ఫోన్లు జేబుల్లోకి వెళ్లిపోయాయి. నేను ఎదురుచూస్తున్నది ఇంకా ముందుంది.

డ్రమోయిన్ అనే పేట దాటాక, పారమట్టా నది మీద కనిపించింది గ్లేడ్స్‌విల్ బ్రిడ్జి. ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ ఒకే కమాను. నీళ్లలో ఒక్క స్తంభం కూడా లేదు. కమాను పొడవు 305 మీటర్లు, పాత లెక్కలో వెయ్యి అడుగులు. 1964 అక్టోబరు 2న ప్రారంభించేనాటికి ప్రపంచంలో ఇంత పొడవైన కాంక్రీటు కమాను ఇంకోటి లేదు. 1980లో యుగోస్లావియాలో క్రక్ వంతెన కట్టేదాకా ఆ రికార్డు దీనిదే.

"రోజూ దీని మీదే ఆఫీసుకి వెళ్తాను మావయ్యా, కింద ఇలా ఉంటుందనుకోలేదు" అంది రైడ్ అనే పేటలో ఉండే మా మేనకోడలు.

అంతకుముందు ఇక్కడ 1881 నాటి ఇనప వంతెన ఉండేది. రెండే లేన్లు, వాటిలోనే ట్రాములు. ఓడ వస్తే ఒక భాగాన్ని పక్కకి తిప్పి దారి ఇవ్వాలి, అందాకా బళ్లన్నీ ఆగాలి. కొత్తదాన్ని ముందు ఉక్కుతో కట్టాలనుకున్నారు. కాంట్రాక్టర్లు మాన్సెల్ అనే ఇంజనీరింగ్ సంస్థ గీసిన కాంక్రీటు కమాను డిజైన్‌తో వచ్చారు. కాంక్రీటు పనిలో దిగ్గజమైన ఫ్రెంచి ఇంజనీరు ఫ్రెసినే దాన్ని పరిశీలించాక ప్రభుత్వం సరేనంది.

కట్టిన పద్ధతి తెలిస్తే మతిపోతుంది. కమాను అంటే పక్కపక్కనే నిలిచిన నాలుగు వరసలు. ఒక్కో వరసకి 108 బోలు కాంక్రీటు పెట్టెలు, ఒక్కోటి 50 టన్నుల దాకా. వేరే చోట పోతపోసి, బార్జిల మీద తెచ్చి, ఉక్కు సెంట్రింగ్ నడినెత్తికి ఎత్తి, అక్కణ్నుంచి కిందికి జార్చి పేర్చారు. మన ఇంటి స్లాబుకైతే కింది పోటు కర్రలు తీసి సెంట్రింగ్ విప్పుతాం. ఇక్కడ కమానే పైకి లేచింది! పెట్టెల మధ్య రెండు చోట్ల ఫ్లాట్ జాక్‌లు (పల్చటి లోహపు తిత్తులు) పెట్టి వాటిలోకి నూనె ఎక్కించారు. జాక్‌లు ఉబ్బి పెట్టెల్ని ఎడంగా నెట్టాయి. చివరలు కదలవు కాబట్టి కమాను సెంట్రింగ్‌ని వదిలి పైకి తేలింది. తర్వాత నూనె బదులు గ్రౌట్ (జారుగా కలిపిన సిమెంటు) నింపి, అదే సెంట్రింగ్‌ని పక్కకి జరిపి రెండో వరస మొదలుపెట్టారు.

మన రాజమండ్రి ఆర్చ్ రైలు వంతెనలో ఒక్కో కమాను సుమారు 97 మీటర్లు. అక్కడ కమాను పక్కలకి తన్నే బలాన్ని కింది గర్డరే పట్టి ఉంచుతుంది. ఇక్కడ ఆ బలమంతా ఒడ్డునున్న ఇసుకరాతి మీదికే పోతుంది. రాయి అంత గట్టిది కాకపోతే ఈ వంతెన ఇలా ఉండేదే కాదు.

ఇంకో రోజు సాయంత్రం పైన నడిచాం. ఎగుడు రోడ్డు, ఆయాసం వచ్చింది. పక్కనుంచి బస్సు పోతే గాలి విసురుకి టోపీ పట్టుకోవాల్సిందే. దూరంగా హార్బర్ బ్రిడ్జి కనిపిస్తుంది కానీ, కాళ్ల కిందున్న కమాను మాత్రం కనిపించదు.

నిజానికి దీన్ని ఒక ఫ్రీవే (ఆగకుండా పోయే పెద్ద రహదారి) కోసం కట్టారు. 1970లలో ఆ ఫ్రీవే ఆలోచన మానుకున్నారు. అందుకే ఏడు లేన్ల వంతెన దిగిన బళ్లన్నీ విక్టోరియా రోడ్డులోకే దూరాలి. "నా టెన్షనంతా అక్కడే మావయ్యా" అంటూ డ్రమోయిన్ వైపు బారులు తీరిన ఎర్ర లైట్లు చూపించింది మా మేనకోడలు.