గుమ్మానికి పచ్చతోరణం

మూడేళ్లుగా మా ఫ్లాటు గుమ్మానికి ప్లాస్టిక్ తోరణమే వేలాడింది. ఈ ఉగాదికి దాన్ని తీసేశాను. రైతుబజారులో రెండు కట్టల మామిడాకులు కొని, అరటినార నీళ్లలో నానబెట్టి కూర్చున్నాను. ఎర్రటి లేత చిగుళ్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ సాయంత్రానికే వాడిపోతాయి. ముదురు ఆకులే నిలుస్తాయి. ఆకును తొడిమ వైపు మడిచి, నారకు తగిలించి, చీపురుపుల్ల ముక్క గుచ్చాలి. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఆకులు అందించేదాన్ని. అదంతా నా చేతులకు ఇంకా గుర్తుంది! మధ్యమధ్యలో బంతిపూలు కట్టాను. గడపకు పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టాను. మామిడాకు తుంచినప్పుడు వచ్చే ఆ వగరు వాసన నాకు ఎంత ఇష్టమో. వారం గడిచింది. ఆకులు ఎండి, గాలికి గలగలమంటున్నాయి. అయినా తీయబుద్ధి కావడం లేదు.