పాలకమండలికి పోటీ చేస్తున్నారా? ముందు ఓట్లు ఎలా లెక్కపెడతారో చదవండి

విశ్వవిద్యాలయ పాలకమండలిలో అధ్యాపకుల కోసం ఉండే సీట్లు సాధారణంగా చాలా తక్కువ. స్కాట్లండ్‌లో 2016లో వచ్చిన ఉన్నత విద్యా పాలన చట్టం ప్రకారం సిబ్బంది తమలోంచి ఇద్దరిని ఎన్నుకుని పంపాలి. అధ్యాపకుల యూనియన్, ఇతర సిబ్బంది యూనియన్ చెరొకరిని పంపుతాయి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ కౌన్సిల్‌లో మాత్రం లోపలివాళ్లే 16 మంది ఎన్నికై వస్తారు. కాలేజీ అధిపతులు 4, ప్రొఫెసర్ల తరగతి 4, రీజెంట్ హౌస్ (అక్కడి అధ్యాపకులు, సీనియర్ సిబ్బంది ఉండే సభ) సభ్యుల్లో మిగతావారు 8. ఇంత పెద్ద వాటా చాలా అరుదు. రెండు మూడు సీట్లకు పోటీ పడేటప్పుడు చాలామంది ముందు ప్రకటన రాసుకుంటారు, తర్వాత తెలిసినవాళ్లకు ఫోన్లు చేస్తారు, నియమావళిని మాత్రం చివర్లో తెరుస్తారు. మొదట తెరవాల్సింది దాన్నే, అందులోనూ ఓట్ల లెక్కింపు గురించి ఉన్న భాగాన్ని. ఎవర్ని కలవాలి, ఏమని అడగాలి అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

లెక్కింపు పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి, ఎన్ని సీట్లుంటే అన్ని ఓట్లు వేసే పద్ధతి. ఇక్కడ గట్టి జట్టు ఒకటి ఉంటే సగం కంటే కాస్త ఎక్కువ ఓట్లతోనే సీట్లన్నీ ఊడ్చుకుపోతుంది. ఒంటరిగా నిలబడినవారు "మీ ఓట్లన్నీ వాడకండి, నాకు ఒక్కటే వేసి ఆపండి" అని తమవాళ్లను అడగాల్సి వస్తుంది, ఎందుకంటే వాళ్లు వేసే రెండో ఓటు పోటీదారుణ్ణి మీకంటే ముందుకు తీసుకెళ్లవచ్చు. అయితే ఓట్లన్నీ వాడకపోతే బ్యాలెట్ చెల్లదని కొన్నిచోట్ల నియమం ఉంటుంది. అది చూసుకోకుండా ఈ సలహా ఇస్తే మీ ఓట్లను మీరే చెత్తబుట్టలో వేసుకున్నట్టు.

రెండోది ప్రాధాన్య ఓటు. 1, 2, 3 అని అంకెలు వేస్తారు. దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

గెలవడానికి కావలసిన కోటా ఇలా కడతారు: చెల్లిన ఓట్లను (సీట్లు + 1)తో భాగించి, భిన్నం వదిలేసి, 1 కలపాలి. హెన్రీ డ్రూప్ అనే ఆంగ్ల న్యాయవాది పేరుతో దీన్ని డ్రూప్ కోటా అంటారు. ఉదాహరణకు 3 సీట్లు, చెల్లిన ఓట్లు 598 అనుకోండి. 598ని 4తో భాగిస్తే 149.5. భిన్నం వదిలి 1 కలిపితే కోటా 150.

అయిదుగురు అభ్యర్థులు. మొదటి ప్రాధాన్య ఓట్లు: క 200, చ 130, ట 110, త 84, ప 74. క వెంటనే గెలిచారు, కోటాకు మించిన ఓట్లు, అంటే మిగులు, 50. ఆ మిగులును రెండో ప్రాధాన్యాలకు పంచడానికి ఆ 200 బ్యాలెట్లూ తిరిగి చూస్తారు, ఒక్కోదాని విలువ 50/200, అంటే 0.25. వాటిలో రెండో ప్రాధాన్యం త కి 100, ట కి 60, చ కి 20, ప కి 20 ఉన్నాయి. వాటి విలువ వరుసగా 25, 15, 5, 5. ఇప్పుడు చ 135, ట 125, త 109, ప 79. ఎవరూ కోటా చేరలేదు కాబట్టి అందరికంటే కింద ఉన్న ప ని తొలగిస్తారు. ప కి నేరుగా వచ్చిన 74 బ్యాలెట్లు పూర్తి విలువతో కదులుతాయి: త కి 50, చ కి 14, ట కి 4. మిగిలిన 6 బ్యాలెట్లలో తర్వాతి అంకె లేదు, అవి అక్కడితో ఆగిపోయాయి. క నుంచి వచ్చిన 20 బ్యాలెట్లు 0.25 విలువతోనే వెళతాయి: 12 త కి, 4 ట కి, 4 ఎవరికీ కాకుండా. ఇప్పుడు త 162, చ 149, ట 130. త గెలిచారు, మిగులు 12. అదంతా ట కే వెళ్లినా 142 దాటదు కాబట్టి మూడో సీటు చ ది.

మొదటి లెక్కలో మూడో స్థానంలో ఉన్న ట ఓడిపోయారు, నాలుగో స్థానంలో ఉన్న త గెలిచారు. త ని గెలిపించింది ఇతరుల బ్యాలెట్ల మీద పడిన 2, 3 అంకెలు. అందుకే వేరే అభ్యర్థికి మాట ఇచ్చేసిన సహోద్యోగిని వదిలేయకండి. "మొదటిది వారికే వేయండి, రెండోది నాకు ఆలోచించండి" అని అడగడంలో తప్పేమీ లేదు. ఎదుటి అభ్యర్థిని తిట్టడం వల్ల జరిగే నష్టం కూడా ఇదే. వారు తొలగిపోతే వారి బ్యాలెట్లు మిమ్మల్ని దాటుకుని పోతాయి.

మిగులు బదిలీ మాత్రం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కొన్ని నియమావళులు ప్రతి బ్యాలెట్‌ను 100 విలువతో మొదలుపెట్టి భిన్నాలు తప్పిస్తాయి. కొన్ని గెలిచిన అభ్యర్థి బ్యాలెట్లన్నీ చూస్తే, కొన్ని ఆ అభ్యర్థికి చివరి బదిలీలో వచ్చిన కట్టనే చూస్తాయి. దగ్గర పోటీలో ఈ తేడా సీటునే మార్చేయగలదు.

ఇక నామినేషన్. తిరస్కరణలకు కారణాలు దాదాపు ఎప్పుడూ చిన్నవే. ప్రతిపాదించినవారో బలపరిచినవారో మీ నియోజకవర్గం ఓటర్ల జాబితాలో లేకపోవడం, ఒకే వ్యక్తి అనుమతించిన సంఖ్య కంటే ఎక్కువ పత్రాల మీద సంతకం చేయడం, జాబితాలో పేరు ఒకలా పత్రంలో ఇంకోలా ఉండటం, సమ్మతి సంతకం మరిచిపోవడం. కాబట్టి ముసాయిదా జాబితా వెలువడిన రోజే మీ పేరు, మీ ప్రతిపాదకుల పేర్లు చూసుకోండి. అభ్యంతరాలకు ఇచ్చే గడువు తక్కువ, అది దాటాక తప్పు జాబితా తయారుచేసినవారిదే అయినా సరిదిద్దడం కష్టం. అర్హత తేదీ ఏదో కూడా చూడండి: సెలవులో ఉన్నవారు, పార్ట్‌టైమ్, ఒప్పందం మీద పనిచేసేవారు ఆ తేదీకి జాబితాలో ఉన్నారా లేదా అన్నదే లెక్క. అనుమతి ఉంటే రెండు సెట్లు వేర్వేరు ప్రతిపాదకులతో దాఖలు చేయండి. ఒకటి పోయినా మరొకటి నిలుస్తుంది.

ప్రచార ప్రకటనకు పదాల పరిమితి ఉంటే దానికి లోపలే ఆగండి. దాటిన చోట కత్తిరిస్తే మీ ముఖ్యమైన వాక్యమే పోవచ్చు. "అధ్యాపకుల గొంతుక అవుతాను" అని అందరూ రాస్తారు. బడ్జెట్ పత్రాలు ముందుగా ఇవ్వాలని అడుగుతానో, ఖాళీ పోస్టుల లెక్కను ప్రతి సమావేశంలో పెట్టమంటానో రాస్తే చదివేవారికి ఏదైనా అందుతుంది. విభాగం మెయిల్ జాబితాను అనుమతి లేకుండా ప్రచారానికి వాడకండి. ఫిర్యాదు వస్తే ఎన్నికే రద్దు కావచ్చు. విభాగాధిపతి హోదాలో ఉన్నవారు తమ కింద పనిచేసే కొత్త అధ్యాపకులను విడిగా పిలిచి ఓటు అడగడం నాకు సమ్మతం కాదు, నియమం ఒప్పుకున్నా సరే.

ఒక మాట ఓటర్లకు ముందే చెప్పేయాలి. ఎన్నికైన సభ్యులు విశ్వవిద్యాలయం మొత్తం మేలు చూడాల్సినవారు, తమ ఓటర్ల ఆదేశం మోసేవారు కారు. రహస్యంగా ఉంచిన అంశాలు బయట చెప్పలేరు. తమ జీతాల మీద చర్చ వస్తే తమకు ప్రయోజనం ఉందని ప్రకటించి, నియమం కోరితే గది నుంచి బయటికి రావాలి. ఇది దాచి గెలిచినవారు మొదటి ఏడాదే తమవాళ్ల నమ్మకం పోగొట్టుకుంటారు.

లెక్కింపు రోజు మీ ఏజెంటుగా స్నేహితుడి కంటే లెక్కలు వచ్చినవారిని పంపండి. టిక్కు పెట్టిన బ్యాలెట్, 1 రెండుసార్లు రాసిన బ్యాలెట్, 1 స్పష్టంగా ఉండి 3 తర్వాత 5 వేసిన బ్యాలెట్, ఈ మూడూ ఒకటి కావు. చివరిదాన్ని చాలా నియమావళులు 3 వరకూ చెల్లుతుందనే చూస్తాయి, పూర్తిగా పక్కన పెట్టేస్తుంటే అప్పుడే అభ్యంతరం రాయించాలి. మళ్లీ లెక్కించమని అడిగేది ఫలితం ప్రకటించకముందే. ఓడినా సరే, ప్రతి రౌండు బదిలీల పట్టిక నకలు తీసుకోండి. మధ్యలో సీటు ఖాళీ అయితే కొన్నిచోట్ల ఉప ఎన్నిక పెట్టరు, పాత బ్యాలెట్లనే తిరిగి లెక్కిస్తారు.